తక్కువలో మంచి లాకర్ ఏది? – ప్రశ్నే తప్పు

జీపో టకోమానో థారో కొన్న మనవాళ్ళు ఆర్నెల్లు తిరక్కుండా అడిగే ప్రశ్న దాదాపు ఒకటే. "అన్నా, తక్కువలో మంచి డిఫరెన్షియల్ లాకర్ ఏది?" అప్పటికే చాలామంది చేతిలో ఒక స్ప్రెడ్‌షీటు రెడీగా ఉంటుంది. బ్రాండు, ధర, ఎన్ని నక్షత్రాలు, ఎక్కడ డిస్కౌంటు. ఎంతైనా మనం ఐటీ వాళ్ళం కదా, కుక్కర్ కొన్నా స్ప్రెడ్‌షీటు లేకుండా కొనం :)

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను, ఓపిక లేనివాళ్ళు ఇక్కడితో ఆపేయొచ్చు. ఆ స్ప్రెడ్‌షీటులో మొదటి కాలమ్ లాకర్ ధర కాకూడదు. ఆ బండిని వారమంతా ఎవరు, ఏ రోడ్డు మీద నడుపుతారన్నది ఉండాలి. ఇంట్లో ఉన్నది ఒకటే బండి, ఆఫీసుకీ స్కూలుకీ కూరగాయలకీ అదే వెళ్తుంది అంటే, దాని వెనక యాక్సిల్లో చవక ఆటోమేటిక్ లాకర్ పెట్టించొద్దు. మూడొందల డాలర్లకే వస్తున్నా సరే, పెట్టించొద్దు.

ఎందుకో చెప్పాలంటే ముందు డిఫరెన్షియల్ సంగతి కొంచెం మాట్లాడుకోవాలి.

మలుపు తిరిగేటప్పుడు బయటి చక్రం లోపలి చక్రం కన్నా ఎక్కువ దూరం వెళ్ళాలి. రెండిటినీ ఒకే ఇరుసుకి బిగిస్తే ఏదో ఒకటి రోడ్డుని రాసుకుంటూ ఈడ్చుకుపోవాల్సిందే. అందుకని మధ్యలో డిఫరెన్షియల్ పెట్టి రెండు చక్రాలూ వేర్వేరు వేగాలతో తిరిగేలా చేశారు. మామూలు ఓపెన్ డిఫరెన్షియల్ వేగాల్లో తేడాని ఒప్పుకుంటుంది కానీ టార్క్ మాత్రం రెండు వైపులా సమానంగానే పంచుతుంది. "జారే చక్రానికే టార్క్ అంతా పోతుంది" అని చాలామంది అంటుంటారు. అలా కాదు. జారే చక్రం ఎంత తక్కువ తీసుకోగలదో, రెండో చక్రానికీ అంతే అందుతుంది. మన భాషలో రాసుకుంటే:

ఓపెన్ డిఫరెన్షియల్ = 2 × మిన్(ఎడమ, కుడి)
లాక్ చేసిన డిఫరెన్షియల్ = ఎడమ + కుడి

లెక్క చూడండి. ఎడమ చక్రం మంచు మీద ఉంది, 200 న్యూటన్ మీటర్లకే జారిపోతుంది. కుడిది గట్టి నేల మీద ఉంది, 1500 దాకా పట్టు ఉంది. ఓపెన్ అయితే బండిని తోసేది మొత్తం 400. లాక్ చేస్తే 1700. ఇక ఎడమ చక్రం పూర్తిగా గాల్లోకి లేచిందనుకోండి, ఓపెన్‌లో మీకు మిగిలేది దాదాపు సున్నా, లాక్ చేస్తే 1500. లాకర్ గొప్పతనం అంతా ఈ రెండు లైన్లలోనే ఉంది. దీన్ని కాదనేవాడు ఎవడూ లేడు, నేనూ కాదనను.

అన్నట్టు, ఇదేదో అమెరికా సరుకు అనుకునేవాళ్ళకి ఒక మాట. మన ఊళ్ళల్లో ట్రాక్టర్ తోలేవాళ్ళకి డిఫరెన్షియల్ లాక్ తరతరాలుగా తెలుసు. నల్లరేగడిలోనో దమ్ము చేసే మడిలోనో ఒక చక్రం ఊరికే తిరుగుతుంటే, సీటు కింద పెడల్ తొక్కుతారు, రెండు చక్రాలూ కలిసి లాగుతాయి, ట్రాక్టర్ బయటపడుతుంది. మలుపు తిప్పే ముందు కాలు తీసేస్తారు. లాక్ వేసి తిప్పితే ట్రాక్టర్ తిరగదని, తిప్పితే ఏదో ఒకటి విరుగుతుందని వాళ్ళకి ఎవరూ మాన్యువల్ చదివి చెప్పక్కర్లేదు. అవసరమైనప్పుడు వెయ్యడం, అయిపోగానే తియ్యడం. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి, చవక లాకర్లలో లేనిది సరిగ్గా ఇదే.

ఇప్పుడు బజార్లో ఏమున్నాయో చూద్దాం. ధరలు యాక్సిల్‌ని బట్టి మారతాయి కాబట్టి అంచనాగానే తీసుకోండి.

అన్నిటికన్నా చవకైనది వెల్డింగ్. లోపలి స్పైడర్ గేర్లని కలిపి అతికించేస్తారు. వెల్డింగ్ మిషన్ల కంపెనీ పేరు మీద దీన్ని అమెరికాలో సరదాగా లింకన్ లాకర్ అంటారు. ట్రెయిలర్ మీద తీసుకెళ్ళి కొండల్లో దింపే బండికి సరే. రోడ్డు మీద నడిపే బండికి దీని గురించి మాట్లాడుకోవడమే అనవసరం.

తర్వాతది లంచ్‌బాక్స్ లాకర్. లాక్-రైట్, ఆసీ, స్పార్టన్ లాంటి పేర్లు వినే ఉంటారు. 300-400 డాలర్ల చుట్టుపక్కల వస్తుంది. టిఫిన్ క్యారియర్లో పట్టేంత ఉంటుంది కాబట్టి ఆ పేరు సరిగ్గానే అతికింది. ఉన్న డిఫరెన్షియల్ కేస్‌లోనే స్పైడర్ గేర్లు తీసేసి వాటి చోట దీన్ని కూర్చోబెడతారు. క్రౌన్ వీల్, పినియన్ సెట్టింగ్ జోలికి వెళ్ళక్కర్లేదు, అందుకే చేతిలో స్పానర్లు, ఒక శనివారం ఉంటే ఇంటి ముందే అయిపోతుంది. దీని పాపులారిటీకి సగం కారణం ఇదే.

ఆ పైన ఈటన్ వారి డెట్రాయిట్ లాకర్. పని చేసే పద్ధతి దాదాపు లంచ్‌బాక్స్ లాంటిదే, కాకపోతే కేస్ మొత్తం మారుతుంది, చాలా గట్టిది.

వేరే దారిలో ట్రూట్రాక్ లాంటి హెలికల్ గేర్ లిమిటెడ్ స్లిప్. ఇది లాకర్ కాదు. తక్కువ పట్టున్న చక్రం తీసుకున్నదానికి కొన్ని రెట్లు రెండో వైపు పంపిస్తుంది. రెండున్నర రెట్లు అనుకుందాం. పై ఉదాహరణలో 200 కి తోడు 500, మొత్తం 700. ఓపెన్ కన్నా నయం, లాకర్ కన్నా తక్కువ. చక్రం గాల్లోకి లేస్తే మాత్రం సున్నాని ఎన్ని రెట్లు చేసినా సున్నానే. అప్పుడు బ్రేక్ కొద్దిగా నొక్కితే ఆ సున్నా కాస్తా ఏదో ఒక అంకె అవుతుంది, బండి కదులుతుంది.

చివరగా స్విచ్ నొక్కితే లాక్ అయ్యేవి. ఆస్ట్రేలియా వాళ్ళ ఏఆర్‌బీ ఎయిర్ లాకర్ గాలితో, ఈటన్ ఈ-లాకర్ కరెంటుతో పనిచేస్తాయి. ఆఫ్ చేస్తే మామూలు ఓపెన్ డిఫరెన్షియల్, అంటే మన ట్రాక్టర్ పెడలే. లాకర్ ఒక్కటే వెయ్యి డాలర్ల చుట్టూ ఉంటుంది, ఆ పైన గాలిదైతే కంప్రెసర్, ఏదైనా సరే బేరింగులు, బ్యాక్‌లాష్ సెట్ చెయ్యగలిగిన మెకానిక్ కూలీ. ఒక్క యాక్సిల్‌కి రెండు వేలు అవ్వడం పెద్ద కష్టం కాదు.

మూడొందలెక్కడ, రెండు వేలెక్కడ? పని మాత్రం ఒకటే కదా? ఇక్కడే మనవాళ్ళు లంచ్‌బాక్స్ వైపు మొగ్గుతారు. బురదలో, రాళ్ళ మీద రెండూ ఒకటేనని నేనూ ఒప్పుకుంటాను. తేడా అంతా మిగతా రోజుల్లో.

ఆటోమేటిక్ లాకర్ నియమం ఒకటే. చక్రం క్రౌన్ వీల్ కన్నా వేగంగా తిరగొచ్చు, నెమ్మదిగా తిరగకూడదు. యాక్సిలరేటర్ మీద కాలుంచి మలుపు తిరిగితే బయటి చక్రం వదులై ముందుకి పోతుంది, బండిని తోసేదంతా లోపలి చక్రమే. మలుపు మధ్యలో కాలు తీశారా, బరువు లెక్క మారి లోపల పళ్ళు వదిలి మళ్ళీ పట్టుకుంటాయి. "ఠక్" మని చప్పుడు, బండి వెనక భాగం ఒక్క క్షణం పక్కకి జరిగినట్టు అనిపిస్తుంది. పొడి రోడ్డు మీద అది కేవలం చికాకు, వారంలో అలవాటైపోతుంది. పాత రాంగ్లర్ టీజే లాంటి, రెండు ఇరుసుల మధ్య 93 అంగుళాల చిల్లరే ఉన్న పొట్టి బండిలో ఇంకాస్త బాగా తెలుస్తుంది.

అసలు ప్రమాదం తడి రోడ్డు మీద, అంతకన్నా మంచు మీద. టైరుకుండే పట్టు నెల జీతం లాంటిది, ముందుకి తొయ్యడానికీ, పక్కకి జారకుండా నిలబెట్టడానికీ కలిపి ఒకటే జీతం. టైరు గిర్రున తిరిగిపోతోందంటే జీతం అంతా ఒకేచోట ఖర్చైపోయినట్టు, పక్కకి ఆపడానికి పెద్దగా మిగలదు. ఓపెన్ డిఫరెన్షియల్‌తో మంచు మీద కాలు కొంచెం ఎక్కువ నొక్కితే ఒక చక్రం తిరిగిపోతుంది, రెండోది నెమ్మదిగా ఉండి బండి తోకని పట్టుకునే ఉంటుంది. ముందుకి పోదు, అంతే. లాక్ అయిన యాక్సిల్‌తో రెండూ కలిసి తిరుగుతాయి. రోడ్డు ఏ వైపు వాలి ఉంటే తోక ఆ వైపుకి జారుతుంది. నేనుండే కొలరాడోలో రోడ్డు వాలిన వైపున ఉండేది ఒక్కోచోట గార్డ్ రెయిల్, ఒక్కోచోట అది కూడా కాదు, లోయ.

"నేను జాగ్రత్తగా నడుపుతాలే" అంటారు. మీరు నడుపుతారు, సరే. బండి మీరొక్కరే నడపరు కదా? వాన పడుతున్న సాయంత్రం హైవే నుంచి ఎగ్జిట్ ర్యాంప్ దిగుతూ, వెనక సీట్లో పిల్లలతో మీ ఆవిడ నడుపుతుంటుంది. ఇండియా నుంచి వచ్చిన తమ్ముడు నడుపుతాడు. వాళ్ళకి ఆ "ఠక్" ఏంటో, కాలు తీస్తే తోక ఎందుకు కదిలిందో తెలియదు. స్విచ్ ఉన్న లాకర్ అయితే వాళ్ళు దాన్ని ముట్టుకోరు, గొడవే లేదు. ఆటోమేటిక్ దానికి ఆఫ్ బటన్ లేదు. సాఫ్ట్‌వేర్‌లో ఫీచర్ ఫ్లాగ్ లేకుండా ప్రొడక్షన్‌లోకి ఏదైనా పంపిస్తే కోడ్ రివ్యూలో ఎంత గొడవ చేస్తామో మనకి తెలుసు. ఇంట్లోవాళ్ళు ఎక్కే బండికి ఆ మాత్రం రివ్యూ అక్కర్లేదా?

ఇక రెండో సంగతి, లాకర్ కన్నా ముందు చూడాల్సిన యాక్సిల్. ఓపెన్ డిఫరెన్షియల్‌లో ఒక్కో యాక్సిల్ షాఫ్ట్ మీద పడేది వచ్చిన టార్క్‌లో సగమే. లాక్ చేశాక, ఒక చక్రం గాల్లో ఉంటే మొత్తం రెండో షాఫ్ట్ మీదే పడుతుంది. పైగా లాకర్ కొనేవాళ్ళు సాధారణంగా పెద్ద టైర్లు కూడా వేసి ఉంటారు, షాఫ్ట్ మీద భారం ఇంకా పెరుగుతుంది. 1997 నుంచి 2006 దాకా వచ్చిన టీజేల్లో చాలావాటికి వెనక డానా 35 యాక్సిల్ ఉంటుంది, డానా 44 ఆప్షన్‌గా వచ్చేది. డానా 35 బలహీనమైనదని జీప్ వాళ్ళందరికీ తెలుసు. అందులో చక్రాన్ని లోపలికి పట్టి ఉంచేది షాఫ్ట్ కొసన ఉండే చిన్న సీ-క్లిప్పు. షాఫ్ట్ విరిగితే మిగిలిన ముక్కతో సహా చక్రం బయటికి వచ్చేసే అవకాశం ఉంది. మూడొందల లాకర్ కోసం చూసేవాళ్ళ దగ్గర ఎక్కువగా ఉండేది కూడా ఇలాంటి పాత బండ్లే. అలాంటి యాక్సిల్లో 33 అంగుళాల టైర్లు, లాకర్ రెండూ పెట్టారంటే మీరు లాకర్ కొన్నట్టు కాదు, తర్వాత కొనబోయే యాక్సిల్‌కి అడ్వాన్స్ కట్టినట్టు.

మరి ఏం చెయ్యాలి? ఊరికే వద్దు వద్దు అంటే ఎలా అంటారా, వస్తున్నా.

మొదటిది, పైసా ఖర్చు లేనిది. టైర్లలో గాలి తగ్గించండి. రోడ్డు మీద 35 పీఎస్‌ఐ పెట్టే టైరుని మట్టిదారిలోకి దిగాక 20 దగ్గరికి దించితే నేల మీద ఆనే భాగం పెరుగుతుంది, రాళ్ళని పట్టుకుంటుంది. ఆ మిన్ ఫంక్షన్లోని చిన్న అంకె పెరిగినట్టే కదా. తిరిగి రోడ్డెక్కేటప్పుడు గాలి కొట్టుకోవడానికి చిన్న కంప్రెసర్ ఒకటి చాలు. చాలామందికి లాకర్ అవసరమని అనిపించిన చోటు ఈ ఒక్క పనితో దాటిపోతుంది.

రెండోది, మీ బండిలో ఆల్రెడీ ఏముందో చూసుకోండి. 2012 మోడల్ నుంచి అమెరికాలో కార్లకీ, ఈ సైజు ఎస్‌యూవీలకీ స్టెబిలిటీ కంట్రోల్ తప్పనిసరి. అంటే ఒక్కో చక్రానికి విడిగా బ్రేక్ వెయ్యగలిగే హార్డ్‌వేర్ ఎలాగూ ఉంది. దాన్నే వాడి, తిరిగిపోతున్న చక్రానికి బ్రేక్ వేసి, టార్క్‌ని రెండో వైపుకి పంపే ఏర్పాటు చాలా ఆఫ్ రోడ్ బండ్లలో వస్తుంది. టొయోటా దాన్ని ఏ-ట్రాక్ అంది, 2007 లో వచ్చిన రాంగ్లర్ జేకేలో బ్రేక్ లాక్ డిఫరెన్షియల్ అన్నారు. హార్డ్‌వేర్ సమస్యని సాఫ్ట్‌వేర్‌తో సర్దడం మనవాళ్ళకి కొత్తేం కాదుగా :) దీనికీ లోట్లున్నాయి. చక్రం కాస్త తిరిగాక గానీ మేలుకోదు, ఎక్కువసేపు వాడితే బ్రేకులు వేడెక్కుతాయి. కానీ నెలకోసారి కొండదారి ఎక్కేవాళ్ళకి చాలా వరకు ఇది చాలు. అలాంటి సందర్భంలో కాలు గట్టిగా పెట్టి ఉంచాలి, చక్రం తిరుగుతోందని భయపడి తీసేస్తే అది పని చెయ్యడం మానేస్తుంది. ఈ చిన్న విషయం తెలియక "నా బండిలో ఏమీ లేదు" అనుకునేవాళ్ళు బోలెడు.

మూడోది, నా ఉద్దేశంలో అసలైన బడ్జెట్ లాకర్: ఫ్యాక్టరీలోనే బిగించి వచ్చినది. ఇంకా బండి కొనలేదా, లేదా మార్చే ఆలోచనలో ఉన్నారా? సెకండ్ హ్యాండ్‌లో లాకర్ ఉన్న వేరియంట్ వెతకండి. 2003 నుంచి రాంగ్లర్ రూబికాన్‌కి ముందూ వెనకా స్విచ్ లాకర్లు, డానా 44 యాక్సిళ్ళు వచ్చాయి. టకోమా టీఆర్‌డీ ఆఫ్ రోడ్‌కి, నిస్సాన్ ఎక్స్‌టెర్రా ప్రో-ఫోర్ ఎక్స్‌కి వెనక ఎలక్ట్రిక్ లాకర్ ఉంటుంది. మామూలు వేరియంట్‌కీ దీనికీ ఉన్న ధర తేడాని లాకర్, యాక్సిల్, కూలీ కలిపిన లెక్కతో పోల్చి చూడండి. చాలాసార్లు ఫ్యాక్టరీదే చవక. పైగా ఆ యాక్సిల్‌ని లాకర్ ఉంటుందని తెలిసే డిజైన్ చేశారు.

ఇదే సూత్రం ఇండియాలో ఉన్నవాళ్ళకి ఇంకా గట్టిగా వర్తిస్తుంది. హైదరాబాద్, బెంగుళూరుల్లో ఉన్న ఫ్రెండ్స్ ఈమధ్య థార్ కొని ఇవే ప్రశ్నలు అడుగుతున్నారు. థార్‌కి 2015 లోనే వెనక ఈటన్ మెకానికల్ లాకింగ్ డిఫరెన్షియల్ వచ్చింది. చక్రాల వేగాల మధ్య తేడా ఒక హద్దు దాటితే, అదీ బండి నెమ్మదిగా ఉన్నప్పుడే, దానంతటదే లాక్ అవుతుంది. రోడ్డు మీద మామూలుగా పోతున్నప్పుడు ఓపెన్‌లాగే ఉంటుంది కాబట్టి లంచ్‌బాక్స్ తలనొప్పి దీనికి లేదు. 2020 లో వచ్చిన థార్‌లో ఇది పై వేరియంట్లో ఇచ్చి, దానితోపాటు బ్రేక్‌తో పనిచేసే లాక్ కూడా పెట్టారు. 2024 థార్ రాక్స్ ఫోర్ బై ఫోర్‌కి వెనక ఎలక్ట్రానిక్ లాక్ ఉంది. ఫోర్స్ గూర్ఖాకి ముందూ వెనకా డ్రైవర్ వేసుకునే లాకులు కంపెనీ నుంచే వస్తాయి. 2023 లో వచ్చిన జిమ్నీకి బ్రేక్ పద్ధతి మాత్రమే. కొనేటప్పుడు టచ్‌స్క్రీన్ సైజు, సన్‌రూఫ్ గురించి గంటసేపు మాట్లాడి ఈ ఒక్క లైన్ చూడకుండా సంతకం పెట్టేస్తే, తర్వాత బయట వేయించుకోవడం అంత తేలిక కాదు.

ఎందుకంటే బయట వేయిస్తే కంపెనీ వారంటీ సంగతి ఒకటి. రెండోది, 2019 జనవరిలో సుప్రీం కోర్టు మోటారు వాహనాల చట్టం 52 వ సెక్షన్ మీద తీర్పిస్తూ, ఆర్‌సీలో ఉన్న తయారీదారు స్పెసిఫికేషన్‌కి భిన్నంగా వాహనాన్ని మార్చడం కుదరదంది. హౌసింగ్ లోపల ఏముందో ఎవరు విప్పి చూస్తారులే అనొచ్చు. నిజమే, మామూలు రోజుల్లో ఎవరూ చూడరు. పెద్ద యాక్సిడెంట్ అయ్యి ఇన్సూరెన్స్ క్లెయిమ్ పెట్టిన రోజున ఆ ప్రశ్న మీ దాకా ఎందుకు తెచ్చుకోవడం?

సరే, ఇవన్నీ విన్నాక కూడా లాకర్ పెట్టించాల్సిందే అనేవాళ్ళకి నా లెక్క ఇది.

బండి కేవలం కొండల కోసమే, రోజూ తిరగడానికి ఇంకో కారుంది, యాక్సిల్ గట్టిది: లంచ్‌బాక్స్ శుభ్రంగా పెట్టించుకోండి. దాని ధరకి అంత పని చేసేది ఇంకోటి లేదు.

ఒకటే బండి, మంచు పెద్దగా లేని ఊరు, పార్ట్ టైమ్ ఫోర్ వీల్ డ్రైవ్: లంచ్‌బాక్స్ వెనక కాకుండా ముందు యాక్సిల్లో పెట్టే ఆలోచన చెయ్యండి. టూ వీల్‌లో ఉన్నప్పుడు ముందు డిఫరెన్షియల్‌కి టార్క్ రాదు కాబట్టి రోడ్డు మీద అది దాదాపు ఉన్నట్టే తెలియదు. ఫోర్ వీల్ వేశాక స్టీరింగ్ బరువెక్కుతుంది, స్టీరింగ్ మొత్తం తిప్పి గట్టిగా తొక్కితే షాఫ్ట్ జాయింట్లు విరుగుతాయి. ఆ రెండూ భరించగలగాలి. ఎప్పుడూ నాలుగు చక్రాలకీ పవర్ వెళ్ళే ఫుల్ టైమ్ బండికి మాత్రం ఇది పనికిరాదు.

ఒకటే బండి, మంచు పడే ఊరు: ఆటోమేటిక్ లాకర్ ముందూ వద్దు, వెనకా వద్దు. ట్రూట్రాక్ లాంటిది పెట్టించండి, లేదా ఇంకో ఏడాది డబ్బు కూడబెట్టి వెనక ఒక్కటి స్విచ్ లాకర్ వేయించండి. కొండ ఎక్కేటప్పుడు బరువు వెనక్కే వస్తుంది కాబట్టి ఒకటే కొనగలిగితే వెనకదే ముందు.

ఇంకో ఖర్చు ఎవరూ స్ప్రెడ్‌షీటులో రాయరు. లాకర్ లేని బండి దారి మొదట్లోనే ఇరుక్కుంటుంది, నడిచి వెనక్కి రావచ్చు. లాకర్ ఉన్న బండి అదే దారిలో పది మైళ్ళు లోపలికి తీసుకెళ్ళి, ఫోన్ సిగ్నల్ లేని చోట ఇరుక్కుంటుంది. కాబట్టి మంచి రికవరీ స్ట్రాప్, అది తగిలించడానికి ఛాసిస్‌కి సరైన హుక్కులు, తోడుగా ఇంకో బండి. ఈ మూడూ లేనంతవరకు లాకర్ బడ్జెట్ గురించి మాట్లాడటం తొందరపాటే అంటాను.

చవక వస్తువు మీద నాకేం కోపం లేదు, ఆ లంచ్‌బాక్స్ తయారు చేసినవాడి తెలివికి దణ్ణం పెట్టొచ్చు. నా గొడవల్లా దాని ధరని డాలర్లలో మాత్రమే చూడటం మీద. మిగిలిన ధర ఏదో ఒక వాన సాయంత్రం, స్టీరింగ్ దగ్గర కూర్చున్నవాళ్ళు కడతారు. అది మీరే కానక్కర్లేదు.

వెనక ఆటోమేటిక్ లాకర్‌తో మంచులో ఏళ్ళ తరబడి హాయిగా తిరుగుతున్నవాళ్ళు ఉన్నారని నాకు తెలుసు. మీరు అందులో ఒకరైతే ఎలా నడుపుతున్నారో, ఇంట్లో ఇంకెవరైనా ఆ బండి నడుపుతారో లేదో కూడా చెప్పండి. రెండో ప్రశ్నకి జవాబు తెలుసుకోవాలని నాకు ఎక్కువ కుతూహలంగా ఉంది.